రెండు కోళ్ల మందలను కలపడం: ఓడిన కోడికి దారి ఎక్కడ?

విడివిడిగా పెరిగిన రెండు కోళ్ల మందలను ఒకే గూటికి చేర్చవలసిన అవసరం కోళ్లు పెంచే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ముసలి పెట్టలు గుడ్లు తగ్గించినప్పుడు కొత్త పెట్టలను తెస్తారు. విడిగా పెంచిన పిల్లలు ఎదిగి, వాటికి ఇచ్చిన చోటు చాలకుండా పోతుంది. రెండు షెడ్లను చూసుకోవడం కష్టమై ఒకటి మూసేస్తారు. పెంపకం మానుకున్న వారి కోళ్లు మరొకరి చేతికి వస్తాయి. కారణం ఏదైనా, తలుపు తీసి రెండు మందలనూ ఒకేచోట వదిలిన కాసేపటికే మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి, తలల మీద పొడుపులు పడతాయి, ఒకటి రెండు కోళ్లు మూలకు చేరి తల దాచుకుంటాయి. అది చూసిన పెంపకందారులు సాధారణంగా రెండు నిర్ణయాలలో ఒకదానికి వస్తారు. ఈ కోళ్లకు ఒకదానితో ఒకటి పడదని మళ్లీ విడదీస్తారు, లేదా నాలుగు రోజులు పోతే అవే సర్దుకుంటాయని వదిలేస్తారు. రెండూ సగం నిజాలే. పోట్లాట దాదాపు తప్పదు, కొంత మేరకు అవసరం కూడా. కానీ అది ఎంత త్వరగా ముగుస్తుందన్నదీ, ముగిసేలోగా ఎన్ని కోళ్లు దెబ్బతింటాయన్నదీ కోళ్ల స్వభావం కన్నా ఆ చోటును ఎలా అమర్చారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

పెత్తనం ఎలా తేలుతుంది

మందలో పెత్తనపు వరుస ఒకటి ఉంటుందని కోళ్లను కాసేపు గమనించిన ఎవరికైనా తెలుస్తుంది. దానిని శాస్త్రీయంగా పరిశీలించి వివరించిన తొలి పరిశోధకుడు నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త థోర్‌లీఫ్ ష్యెల్డరుప్-ఎబ్బే. చిన్ననాటి నుంచే కోళ్లను గమనిస్తూ వచ్చిన ఆయన 1922లో ప్రచురించిన పరిశోధనలో, మందలో ఏ రెండు కోళ్లను తీసుకున్నా వాటిలో ఒకటి పొడిచేదిగా, మరొకటి తప్పుకునేదిగా ఉంటుందని, ఆ తీర్పు ఒకసారి తేలితే సాధారణంగా నిలిచి ఉంటుందని చూపాడు. ఆ వరుస ప్రతిసారీ పైనుంచి కిందికి తిన్నగా ఉండదని కూడా ఆయన గుర్తించాడు. మొదటి కోడి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడుస్తుండగా, ఆ మూడోది మొదటిదాన్ని పొడవడం కూడా కనిపిస్తుంది. అంటే ఏ కోడికీ తనదంటూ ఒక స్థిరమైన అంతస్తు ఉండదు. ప్రతి జంట మధ్యా విడివిడిగా తేలిన తీర్పులన్నీ కలిస్తేనే అది వరుస అవుతుంది.

రెండు మందలను కలపడం ఎందుకు కష్టమో ఈ ఒక్క విషయం నుంచే చాలావరకు అర్థమవుతుంది. ఆరు కోళ్ల మందలో 15 జంటలు ఉంటాయి. అలాంటి రెండు మందలు కలిస్తే పన్నెండు కోళ్ల మధ్య 66 జంటలు ఏర్పడతాయి. అందులో 30 జంటల తీర్పు ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి మిగిలిన 36 జంటల లెక్క కొత్తగా తేలాలి. వీటిలో కొన్ని చూపుతోనే తేలిపోతాయి, ఎందుకంటే ఒక కోడి మరీ పెద్దది, మరొకటి మరీ బెదురుది అయినప్పుడు పొడుపు దాకా పోవలసిన పని ఉండదు. మిగిలినవి మాత్రం ఒక్కొక్కటిగా పోట్లాటతోనే తేలాలి. పెంపకందారు మధ్యలో దూరి విడదీసిన ప్రతిసారీ ఆ జంట తీర్పు వాయిదా పడుతుందే తప్ప రద్దు కాదు. చిన్న చిన్న పోట్లాటలను ఆపబోవడం వల్ల గొడవ మొత్తంగా సాగదీతకు గురవుతుంది.

తేలిన తరువాత మాత్రం ఈ వ్యవస్థ ఎంతో పొదుపుగా నడుస్తుంది. దాణా తొట్టి దగ్గర పై అంతస్తు పెట్ట తింటున్నప్పుడు కింది పెట్ట పక్కనుంచి మెడ చాచి ఒక గింజ అందుకోబోతుంది. పై పెట్ట తల కాస్త ఎత్తి, ఒక కన్ను దానివైపు తిప్పి ఒక్క క్షణం ఆగుతుంది. కింది పెట్ట తల దించి, రెండు అడుగులు పక్కకు వేసి, నేల మీద ఏదో వెతుకుతున్నట్టు గీరుతుంది. అంతటితో వ్యవహారం ముగుస్తుంది. పొడుపు లేదు, అరుపు లేదు. ఈ రెండు అడుగులే అసలు కీలకం. కోళ్లలో లొంగుబాటు అంటే ప్రధానంగా తల దించి, అందకుండా తప్పుకోవడమే. కోళ్లకు పూర్వీకమైన ఎర్ర అడవికోడికి ఇందులో ఇబ్బంది లేదు, ఎందుకంటే అడవిలో ఓడిన పక్షి పొదల్లోకి నడిచి వెళ్లిపోతుంది. నాలుగు గోడల మధ్య ఆ రెండు అడుగులు వేసే చోటు లేకపోతే, ఓడిపోయిన కోడికి తన ఓటమిని తెలియజేసే దారి మూసుకుపోతుంది. అది గెలిచినదాని ఎదుటే నిలబడవలసి వస్తుంది, గెలిచినది పొడుస్తూనే ఉంటుంది. కలిపిన మందల్లో కనిపించే తీవ్రమైన గాయాలు చాలావరకు ఇలా మూలకు చిక్కినప్పుడు తగిలినవే.

కోళ్లు ఒకదానినొకటి ప్రధానంగా తల, మెడ భాగాల రూపాన్ని బట్టే, అదీ బాగా దగ్గరికి వచ్చాకనే గుర్తుపడతాయి. తలపై ఉండే ఎర్రటి తురాయి ఆకారం మార్చినా, తల, మెడ ఈకలకు రంగు వేసినా, సొంత మందే ఆ కోడిని కొత్తదానిగా చూసిన సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. కొన్ని వారాలు కనిపించకుండా పోయిన కోడిని కూడా మంద మరిచిపోతుంది. జబ్బు చేసి విడిగా ఉంచిన పెట్టనో, ఎక్కువకాలం విడి గూటిలో పొదిగిన పెట్టనో తిరిగి చేర్చేటప్పుడు, అది పాతదే కదా అన్న ధీమా పనికిరాదు. వందల, వేల కోళ్లుండే పెద్ద షెడ్ల సంగతి వేరు. అంతమందిని గుర్తుపెట్టుకోవడం సాధ్యం కాని చోట కోళ్లు జంటల తీర్పులను వదిలి, తురాయి పరిమాణం, ఒంటి బరువు వంటి పైకి కనిపించే గుర్తులను బట్టి మసలుకుంటాయని, పరస్పర దాడులు కూడా తగ్గుతాయని గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్ల మీద జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఇక్కడ చర్చిస్తున్నది కొద్ది కోళ్ల నుంచి కొన్ని డజన్ల దాకా ఉండే మందల గురించే.

భారం ఎవరి మీద పడుతుంది

కొత్త జంటల మొత్తం సంఖ్య ఎంత ముఖ్యమో, ఆ భారం కోళ్ల మధ్య ఎలా పంచుకోబడుతుందన్నది అంతకన్నా ముఖ్యం. పది కోళ్ల మందలోకి ఒకే ఒక్క కోడిని వదిలితే కొత్త జంటలు పదే. ఆరు, ఆరు కలిసినప్పటి 36తో పోలిస్తే ఇది తేలికగా అనిపిస్తుంది. కానీ ఆ పదింటిలో ప్రతిదానిలోనూ ఒక పక్షం ఆ కొత్త కోడే. పాత కోళ్లలో ఒక్కొక్కటి ఒక్క పోట్లాటతో బయటపడితే, కొత్తది ఒక్కటే పదింటినీ ఎదుర్కోవాలి, అదీ తెలియని చోట, తోడు లేకుండా. ఆరేసి కలిసినప్పుడు ప్రతి కోడికీ ఆరు కొత్త ముఖాలు ఎదురవుతాయి. గొడవ ఎక్కువగానే కనిపిస్తుంది, కానీ అది పరుచుకుని ఉంటుంది, ఏ ఒక్కదాని మీదా కేంద్రీకరించదు. ఒంటరి కోడిని మందలో చేర్చవద్దని అనుభవజ్ఞులు గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. తప్పనిసరిగా కొద్ది కోళ్లనే చేర్చవలసి వస్తే, అవి ముందే ఒకదానికొకటి తెలిసినవి కావడం మంచిది. మూడు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన మూడు కోళ్లను కొత్త బృందంగా లెక్కించడం పొరపాటు, ఎందుకంటే వాటి మధ్య కూడా తీర్పులు తేలవలసే ఉంటుంది.

దీనికి తోడు స్థానబలం ఒకటి ఉంది. తన చోటులో ఉన్న కోడి, అదే బరువు, అదే వయసున్న కొత్త కోడి మీద తేలికగా గెలుస్తుంది. రెండు మందలనూ వాటిలో దేనికీ చెందని మూడో చోటికి తరలించగలిగితే ఆ తేడా చాలావరకు పోతుంది. కొత్త షెడ్ కట్టుకునేవారికి ఇది అనుకోకుండా దొరికే అవకాశం. పాత మందను ముందు చేర్చి, అది స్థిరపడ్డాక రెండోదాన్ని తీసుకురావడం ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే. మూడో చోటు లేనివారు ఉన్న షెడ్‌లోనే కోళ్లు వాలే కర్రలను, తొట్లను, గుడ్లపెట్టెలను అటూ ఇటూ మార్చి పాతవాటికి కూడా ఆ చోటును కొంత కొత్తగా చేయవచ్చు. పాత మందను ఒక పూట బయటకు వదిలి, ఖాళీ షెడ్‌ను కొత్తవాటికి తిరిగి చూసుకునే వీలు కల్పించడం ఇంకా ఉపయోగకరం. దాగే మూలలు, నీళ్ల తొట్లు ఎక్కడున్నాయో తెలిసిన కోడి పరిగెత్తవలసి వచ్చినప్పుడు గోడను ఢీకొట్టదు.

వయసు విషయంలో ఉదారత పనికిరాదు. పిల్లలు ఒంటి పరిమాణంలో పెద్దవాటికి దాదాపు సమానమయ్యే దాకా ఆగాలి. ఇది జాతిని బట్టి సుమారు 12 నుంచి 16 వారాల వయసులో జరుగుతుంది. తల్లితో ఉన్న పిల్లలు మాత్రమే దీనికి మినహాయింపు, ఎందుకంటే అక్కడ కాపలా పని తల్లే చూసుకుంటుంది. మేత కూడా ఇక్కడ అడ్డు వస్తుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం వరకు ఉంటుంది. గుడ్లకు రాని కోళ్లు వారాల తరబడి దానినే తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాటి దాణాలో ఒక శాతం దరిదాపుల్లో ఉంటే చాలు. ఒకే మందలో రెండు దాణాలు వేరుగా తినిపించడం ఆచరణలో కుదరని పని కాబట్టి, చిన్నవి గుడ్లకు వచ్చేదాకా అన్నిటికీ ఎదిగే కోళ్లకు పెట్టే గ్రోయర్ దాణానే పెట్టి, ఆల్చిప్పల గుల్లను వేరే గిన్నెలో ఉంచితే సరిపోతుంది. కాల్షియం కావలసిన పెట్టలు వాటంతట అవే అక్కడికి వెళ్లి తింటాయి.

కంటికి కనిపించని కలయిక

పోట్లాట కళ్లెదుట జరుగుతుంది కాబట్టి దాని మీదే దృష్టి పోతుంది. కానీ రెండు మందలను కలిపినప్పుడు ఎక్కువ కోళ్లు పోయేది పోట్లాటల వల్ల కాకుండా రోగాల వల్ల కావచ్చు. ప్రతి మందా తనవైన సూక్ష్మజీవులతో, పరాన్నజీవులతో ఒక రకమైన సర్దుబాటుకు వచ్చి ఉంటుంది. పెద్ద కోళ్లు చూడడానికి ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ తాము మోస్తున్న రోగాన్ని ఎప్పుడూ ఎదుర్కోని మందలోకి తెచ్చిపెడతాయి. రక్తపారుడుకు కారణమయ్యే ఐమీరియా అనే పేగు పరాన్నజీవుల్లో కోళ్లకు సోకేవే అనేక జాతులున్నాయి. ఒక జాతి మీద వచ్చిన రోగనిరోధక శక్తి మరో జాతి మీద పనిచేయదు. అందుకే, రెండు మందలూ విడిగా ఉన్నప్పుడు ఏ జబ్బూ లేకపోయినా, కలిసిన తరువాత, ముఖ్యంగా చిన్నవాటిలో, రెట్టలో రక్తం కనిపించే అవకాశం ఉంది.

కోళ్లలో కంతులు, పక్షవాతం కలిగించే మారెక్స్ వ్యాధి విషయం ఇంకా చిక్కైనది. దీని వైరస్ ఈకల మూలాల నుంచి రాలే పొట్టుతో గాలిలో వ్యాపిస్తుంది. పుట్టినరోజే టీకా వేయించుకున్న కోడి జబ్బు పడకుండా ఉంటుంది, కానీ ఆ వైరస్ సోకితే దానిని మోస్తూ, వెదజల్లుతూ ఉండగలదు. టీకాలు వేసిన కోళ్లే కదా అన్న భరోసాతో వాటిని టీకా లేని మందలో కలిపితే నష్టపోయేది టీకా లేని మంద. ఊపిరితిత్తులకు, శ్వాసనాళానికి సంబంధించిన వ్యాధుల్లో మైకోప్లాస్మా, కొరైజా, ఇన్‌ఫెక్షియస్ లారింగోట్రాకియైటిస్ వంటివి సోకి కోలుకున్న కోళ్లు కూడా ఆ క్రిములను దాచుకుని ఉండగలవు. లారింగోట్రాకియైటిస్ వైరస్ విషయంలో మరో విచిత్రం ఉంది. లోపల నిద్రాణంగా ఉన్న ఆ వైరస్, గుడ్లు మొదలుపెట్టే దశలోనూ, తెలియని కోళ్లతో కలిపినప్పుడు కలిగే ఒత్తిడిలోనూ మళ్లీ బయటపడుతుందని ప్రయోగాలు చూపాయి. కలపడమే రోగాన్ని నిద్రలేపుతుందన్నమాట.

అందువల్లనే కొత్త కోళ్లను నెల రోజుల పాటు విడిగా ఉంచాలన్న నియమం ఏర్పడింది. కొక్కెర రోగం (న్యూకాజిల్ వ్యాధి) బయటపడడానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా, మైకోప్లాస్మాకు మూడు వారాల దాకా పట్టవచ్చు కాబట్టి వారం రోజుల దూరం పేరుకే దూరం. విడిగా అంటే అదే షెడ్‌లో మరో గది అని అర్థం కాదు. గాలి, దుమ్ము, రెట్ట, నీరు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరనంత దూరం ఉండాలి. తొట్లు వేరుగా ఉండాలి, చెప్పులు వేరుగా ఉండాలి, రోజూ పాత మందను చూసుకున్న తరువాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. ఈ నెలలో పేల పని, మైట్లు అనే అతిచిన్న పురుగుల పని కూడా పట్టవచ్చు. పేలు కోడి ఒంటిమీదే ఉంటాయి, వాటి గుడ్లు తోక కింద ఈకల మొదళ్ల దగ్గర తెల్లటి గుంపులుగా అంటుకుని ఉంటాయి. ఎర్ర మైట్లు మాత్రం పగలు కర్రల పగుళ్లలో దాగి రాత్రి రక్తం పీలుస్తాయి. రాత్రి టార్చిలైటుతో వాలే కర్ర కింది అంచును చూస్తే తప్ప దొరకవు. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకుగా కనిపిస్తే అది మరో రకం మైట్ల పని.

నెల గడిచాక కూడా, రోగవాహకాలుగా ఉన్న కోళ్లు ఈ జల్లెడలోంచి జారిపోతాయన్నది నిజమే. పాత మందలోంచి ఒకదాన్ని ముందుగా కొత్తవాటితో ఉంచి, అది జబ్బు పడుతుందేమో రెండు వారాలు చూసే పద్ధతిని కొందరు పాటిస్తారు. కటువుగా అనిపించినా, మంద మొత్తాన్ని ఒకేసారి పణంగా పెట్టడం కన్నా అది తెలివైన పని. జబ్బుపడి కోలుకున్న చరిత్ర ఉన్న మంద అయితే, దాన్ని కలపకుండా ఉండడమే సరైన నిర్ణయం కావచ్చు.

వల నుంచి వాలే కర్ర దాకా

నెల రోజుల దూరం తరువాత రెండు మందలనూ ఒకదానికొకటి కనిపించేలా, కానీ అందకుండా ఉంచాలి. మధ్యలో అరంగుళం కన్నుల ఇనుప వల ఉంటే తలలు దూరవు. పెద్ద కన్నుల వల అయితే తల దూర్చి పొడుచుకునే ప్రమాదం ఉంటుంది. ఇలా ఒకటి రెండు వారాలు గడిస్తే కొత్తదనం తాలూకు ఉద్రేకం తగ్గుతుంది. దాణా తొట్లను వలకు అటూ ఇటూ దగ్గరగా పెడితే, రెండు మందలూ ఒకదాని ముఖం ఒకటి చూస్తూ తినడానికి అలవాటు పడతాయి. మొదటి రోజు వల దగ్గర మెడలు చాచి ఎదురెదురుగా ఎగిరే కోళ్లు, కొన్నాళ్లకు అదే వలకు ఆనుకుని ఒళ్లు మట్టిలో పొర్లించుకుంటూ పడుకోవడం కనిపిస్తుంది. రెండు మూడు రోజులకొకసారి మందలను అటునిటు మార్చడం కూడా మంచిదే, ఎందుకంటే ఏ వైపూ ఎవరి సొంతమూ కాకుండా పోతుంది. అయితే వల చేయగలిగింది పరిచయం వరకే. చూపుతో తేలని జంటల తీర్పులు వల తీసిన తరువాతే తేలాలి కాబట్టి, మూడు వారాలు ఉంచినా మొదటి రోజు పొడుపులు పడితే వల వృథా అయిందని అనుకోనక్కరలేదు.

వల తీశాక చేయవలసిన పనిని ఒక క్రమంలో చూడాలి. కోళ్లకు అన్ని చోట్లూ సమానమైనవి కావు. ఆరుబయట తిరిగేటప్పుడు ఓడినదానికి ఎటైనా దారి ఉంటుంది. దాణా తొట్టి దగ్గర ఆ దారి ఇరుకవుతుంది. రాత్రి వాలే కర్ర మీద దాదాపు ఉండదు. కాబట్టి కలయిక కూడా విశాలమైన చోటులో మొదలై ఇరుకైన చోటుకు చేరాలి. మొదట పగటిపూట కొన్ని గంటలు బయట కలిసి తిరగనిచ్చి, రాత్రికి ఎవరి గూటికి వాటిని పంపించాలి. బయట గొడవ తగ్గాక ఒకేచోట తినడం, అదీ కుదిరాక ఒకేచోట పడుకోవడం జరగాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చీకటిపడ్డాక కొత్త కోళ్లను తెచ్చి పాతవాటి పక్కన కర్ర మీద కూర్చోబెడితే, తెల్లవారాక అవి ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయని పాతవి భ్రమపడతాయన్న నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. కోళ్లకు చీకట్లో చూపు సరిగా ఆనదు కాబట్టి ఆ రాత్రి గొడవ జరగదన్నంత వరకే అది నిజం. వెలుగు రాగానే కొత్త ముఖాలు కొత్తవిగానే కనిపిస్తాయి, అదీ తలుపు మూసి ఉన్న ఇరుకు గదిలో. ముందే పరిచయమైన మందలను కర్రకు అలవాటు చేయడానికి ఈ పద్ధతి చక్కగా ఉపయోగపడుతుంది. అప్పుడు కూడా తెల్లవారుతూనే తలుపు తీసే మనిషి ఉండాలి.

చోటు ఎంత ఉండాలన్న దానికి పెరటి పెంపకంలో చెప్పే సాధారణ లెక్క, లోపల కోడికి నాలుగు చదరపు అడుగులు, బయట పది చదరపు అడుగులు. వాలే కర్ర మీద ఒక్కో కోడికి 20 నుంచి 25 సెంటీమీటర్లు, నాలుగైదు పెట్టలకు ఒక గుడ్లపెట్టె. కలిపే రోజుల్లో ఇంతకన్నా ఎక్కువ ఉంటేనే మంచిది. కానీ ఖాళీగా, నున్నగా ఉన్న పెద్ద ఆవరణ కన్నా, అడ్డాలున్న చిన్న ఆవరణ ఎక్కువ ప్రశాంతంగా ఉండవచ్చు. పరిగెత్తే కోడి కంటికి కనిపించినంత సేపు తరిమే కోడి ఆగదు. మధ్యలో ఒక అడ్డం వచ్చి చూపు తెగగానే చాలాసార్లు అక్కడే ఆగి నేల గీరడం మొదలుపెడుతుంది. గోడకు వాల్చిన పాత చెక్కపలక, కొమ్మల కుప్ప, పక్కకు పడేసిన బల్ల లాంటివన్నీ ఇందుకు పనికొస్తాయి. వీటిని అమర్చేటప్పుడు ఒక్క విషయం మరిచిపోకూడదు. ప్రతి మరుగుకూ రెండు వైపులా దారి ఉండాలి. ఒకే నోరున్న పెట్టెలోకి దూరిన కోడికి అది దాగే చోటు కాదు. నోటి దగ్గర నిలబడిన రెండో కోడికి అంతకన్నా వీలైన వేటస్థలం ఉండదు.

తొట్ల విషయమూ అంతే. ఎంత దాణా పోశామన్నది కాకుండా ఎన్ని చోట్ల పోశామన్నదే లెక్క. ఒకే తొట్టిని పెద్దపెట్ట నిలబడి కాపలా కాయగలదు. ఒకదానికొకటి కనిపించకుండా దూరంగా పెట్టిన రెండు మూడు తొట్లను కాయలేదు. నీళ్లకు ఇది మరింత వర్తిస్తుంది, ఎందుకంటే ఒక పూట దాణా అందని కోడి తట్టుకుంటుంది కానీ, ఎండవేళ నీళ్లు అందని కోడి తట్టుకోలేదు. సాయంత్రం కొత్త కోళ్ల మెడ కింద తిత్తిని చేత్తో తడిమి చూడడం అలవాటు చేసుకుంటే, పగలంతా తిన్నదో లేదో అనుమానం లేకుండా తెలుస్తుంది. పొడుపుల లెక్క కన్నా నిండని తిత్తే నమ్మదగిన హెచ్చరిక.

ఎప్పుడు కలగజేసుకోవాలన్న ప్రశ్నకు కూడా ఓడినదానికి తప్పుకునే దారి ఉందా లేదా అన్నదే కొలమానం. రెండు కోళ్లు ఎదురెదురుగా నిలబడి, రొమ్ములు తాకించి, ఎగిరి తన్నుకుని, ఒకటి తోక తిప్పి వెళ్లిపోతే అది తీర్పు, దానిని తేలనివ్వాలి. తోక తిప్పిన తరువాత కూడా తరుముతూనే ఉంటే, లేదా రెండు మూడు కోళ్లు కలిసి ఒకదాని మీద పడుతుంటే, ఒక కోడి రోజంతా కర్ర దిగకుండా ఉంటే అది తీర్పు దాటిన వ్యవహారం. రక్తం కనిపిస్తే క్షణం ఆగకూడదు. రక్తం మరిన్ని పొడుపులను ఆకర్షిస్తుంది, అప్పటిదాకా ఊరుకున్న కోళ్లు కూడా చేరతాయి, చూస్తుండగానే అది పీక్కుతినే దాకా పోతుంది. గాయపడినదాన్ని తీసి శుభ్రం చేసి, ఎరుపు కనిపించకుండా జెన్షన్ వయొలెట్ వంటి ఊదారంగు మందు పూయాలి. కానీ మందకు కనిపించేలా వల వెనుకే ఉంచాలి. పూర్తిగా కనుమరుగు చేస్తే, తిరిగి వచ్చినప్పుడు అది మళ్లీ కొత్త కోడే.

ఒకే కోడి అదేపనిగా దాడి చేస్తున్నప్పుడు మాత్రం ఈ మరుపును మందకు అనుకూలంగా వాడుకోవచ్చు. దెబ్బలు తింటున్నదాన్ని తీసేయడం సహజంగా తోచే పని, కానీ దానివల్ల దాని స్థితి ఇంకా దిగజారుతుంది. కొట్టేదాన్ని తీసి, కొన్ని రోజులు ఎవరికీ కనిపించని చోట ఉంచితే, ఆలోగా మిగిలిన మంద దాని ఊసు లేకుండా సర్దుకుంటుంది. తిరిగి వచ్చినప్పుడు పాత పెత్తనం కోసం మళ్లీ మొదటినుంచి పోరాడవలసి వస్తుంది, చాలాసార్లు ముందున్నంత దూకుడు మిగలదు.

కొన్ని కోళ్లు ఏ ఏర్పాటు చేసినా వెనుకబడే ఉంటాయి. తల మీద గుబురు ఈకలున్న పోలిష్ వంటి జాతులకు పక్కనుంచి వచ్చే పొడుపు కనిపించదు; సిల్కీల వంటి మెత్తని జాతులు ఎదురుతిరగవు; బాంటమ్‌లకు ఒంటి బరువు చాలదు. ఈకలు రాల్చే కాలంలో కొత్త ఈకల మొలకలు రక్తంతో నిండి ఉంటాయి కాబట్టి ఆ సమయంలో ఏ జాతినీ కలపకపోవడం మంచిది. అసీల్ వంటి పోరాట జాతులను ఇతర జాతులతో కలపాలన్న ఆలోచననే మానుకోవాలి.

రెండు మందల్లోనూ పుంజులుంటే లెక్క మారిపోతుంది. పుంజుల పెత్తనం పెట్టల పెత్తనంతో కలవని విడి వరుస. ఎదిగిన పుంజు కొత్త పెట్టలను సాధారణంగా ఆహ్వానిస్తుంది, మందలో పుంజు ఉండడం వల్ల పెట్టల మధ్య పొడుపులు తగ్గుతాయని అధ్యయనాలు కూడా ఉన్నాయి. కానీ పరిచయం లేని రెండు పుంజులు కాళ్ల వెనుక ముళ్లతో చేసుకునే గాయాలు ప్రాణాంతకం కాగలవు. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు అన్నది ఎక్కువగా పాటించే నిష్పత్తి. కలిపిన మంద అంత పెద్దది కాకపోతే రెండో పుంజును పక్కన పెట్టడమే మేలు. అది కుదరనివారు పుంజులను పెట్టలు కనిపించని చోట విడి బృందంగా ఉంచవచ్చు. పోటీకి కారణమే కళ్లెదుట లేనప్పుడు వాటి మధ్య శాంతి కుదిరే అవకాశం ఎక్కువ.

కలిపిన తరువాత ఒకటి రెండు వారాలు గుడ్లు తగ్గితే కంగారు పడనక్కరలేదు, ఒత్తిడి వల్ల అది సహజమే. అంతకుమించి సాగితే పొడుపుల కన్నా ముందు రోగాలను, పేలను, నీళ్ల తొట్లను అనుమానించాలి. కొత్త పెట్టలు గుడ్లపెట్టెల్లోనే రాత్రి పడుకోవడం మొదలుపెడితే, అది అలవాటుగా మారకముందే వాలే కర్ర మీద వాటికి చోటు దొరుకుతోందో లేదో చూడాలి; అదే ఎత్తులో మరో కర్ర కడితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. నెలల తరువాత కూడా రెండు మందలు పగలు విడివిడి గుంపులుగా తిరగడం, కర్రకు చెరో చివర పడుకోవడం కనిపించవచ్చు. పొడుపులు లేకుండా, తిత్తులు నిండుతూ ఉంటే దానిని సరిదిద్దవలసిన లోపంగా చూడనక్కరలేదు. అన్నీ కలిసిపోయాయన్న ఉత్సాహంలో అదనపు తొట్లను తీసి పక్కన పెట్టేవారు మాత్రం కొద్ది రోజులకే కింది అంతస్తు కోళ్లు చిక్కిపోవడం చూస్తారు. ఆ రెండో తొట్టి ఎప్పటికీ అక్కడే ఉండాలి.